కాపలా లేని కోట

గోదాములో కాపలా పని మానేశాక ఆయనకు పొద్దు గడవడం గగనమైంది. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. మేనల్లుడు ఇచ్చిన పాత కంప్యూటర్లో పురాతన రాజ్యాల ఆట ఒకటి ఉంది. పన్ను పెంచితే జనం తిరగబడతారనీ, ధాన్యం తగ్గితే సైన్యం చెదిరిపోతుందనీ అర్థమవడానికే నెల పట్టింది. ఇప్పుడు శత్రువు నది అవతల దిగాడు. మీట నొక్కితే ఆటలో ఏడాది గడుస్తుందని ఆయనకు తెలుసు. నొక్కకపోతే మాత్రం శత్రువు ఊరుకుంటాడా? కాపలావాడు కునుకు తీస్తే దొంగ ఆగుతాడా? అందుకే వారం రోజులుగా మీట నొక్కుతూ కుర్చీ వదలడం లేదు.

చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, భోజనానికి రమ్మని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

"ఎలా వచ్చేదే? నేను లేస్తే కోట పోతుంది."

"ఏడ్చినట్టుంది! రాజులు అన్నం తినరా? వస్తావా, నన్నే దండెత్తి రమ్మంటావా?"

తప్పక వెళ్లాడు. ముద్ద నోట్లో ఉన్నా మనసు కోట మీదే ఉంది. చెయ్యి కడుక్కుని, చెల్లెలు పిలుస్తున్నా వినకుండా ఇంటికి పరుగెత్తాడు.

శత్రువు నది అవతలే ఉన్నాడు. ఒక్క అడుగు కదల్లేదు. ఆయన మీట నొక్కేదాకా ఎవరూ కదలరని అప్పుడు తెలిసింది. కోట దక్కినందుకు సంతోషించాల్సింది పోయి, చాలాసేపు ఉత్త చేతులతో కూర్చున్నాడు. తర్వాత ఫోన్ అందుకున్నాడు.

"ఏమే, రేపు కూడా రానా?"

"మరి కోటో?"

"దానికి నేను అక్కర్లేదే."