తడి నేలలో దప్పిక

అకాల వానకు తడిసిన నల్లరేగడి ఇంకా ఆరలేదు. ఆ తడిలోనే, నిలుచున్నచోటే, కందిచెట్లు దప్పికతో చచ్చిపోతున్నాయి.

కౌసల్యమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది. నిన్న పచ్చగా ఊగిన చెట్టు ఈ పొద్దుటికి తల వేలాడేసింది. బొంతపల్లి చుట్టుపక్కల ఎవరి కంది ఎండినా ఆమె కంది ఎండేది కాదు. భర్త కొమురయ్య పోయాక ఆమెకు మిగిలిన ధైర్యం ఆ విత్తనమే.

ఊరి పక్క మందుల కంపెనీ వదిలే నీళ్ళు తగిలాయేమోనన్నారు ఊరివాళ్ళు. వ్యవసాయ విస్తరణాధికారి జైపాల్ వచ్చి, ఒక కాండాన్ని నిలువునా చీల్చాడు. బెరడు కింద, వేరు నుంచి పైదాకా, కాటుక గీసినట్టు నల్లని చార.

“కంపెనీ కాదమ్మా, ఎండు తెగులు. మట్టిల ఉండే బూజు. వేర్లకెళ్ళి దూరుతది.”

“మా విత్తనానికి అది రాదంటిరి గద సారూ?”

“రాకుంటుండె. మీ విత్తనం కావలికుక్క అసొంటిది. దానికి పాత దొంగ వాసన తెలుసు, మొరిగి తరుముతుండె. ఇప్పుడు వాడు వాసన మార్చుకొని వచ్చిండు. చెట్టు గుర్తుపట్టేసరికే లోపల జొరబడ్డడు. ఇగ వాడు పైకెక్కకుండ చెట్టు తన నరాలను తానే మూసుకుంటది. వాడు ఆగడు. నీళ్ళు ఆగుతయి.”

“మందు లేదా?”

“చెట్టు చచ్చినా అది చావదమ్మా. మట్టిల ఏండ్లకేండ్లు కాచుక కూసుంటది. ఈ గింజ, ఈ మన్ను ఇంకో చేనుకు పోనియ్యకు. పచ్చగున్న చెట్టును సుత నమ్మకు.”

ఆ మాట ఆమె వెంటే ఇంటికి వచ్చింది. అన్నం కలుపుతుంటే కంచం పక్కన కూర్చుంది. కన్ను మూస్తే నేల కింద ఏదో మెల్లగా పాకుతున్నట్టుండేది.

ఆ వారమే జోగిపేట దగ్గరి అత్తగారింటి నుంచి కూతురు హరిచందన వచ్చింది. అక్కడ వాళ్ళు వచ్చే వానకారుకు మొదటిసారి కంది వేస్తున్నారు. కొత్త చేనుకు ఆడబిడ్డ పుట్టింటి విత్తనం తీసుకుపోవడం ఈ వైపు ఆచారం. కౌసల్యమ్మ కూడా తల్లి కొంగున కట్టిన కందులతోనే ఈ ఊరు వచ్చింది.

కానీ కూతురికి మాత్రం ఇవ్వనంది.

“బిడ్డకు గుప్పెడు కందులకు గింత పిసినారితనమా? మీ అమ్మ గింజలు లెక్కవెట్టి పప్పు వండుతదని మా అత్త ఊరంత చాటుతది!”

“మీ అత్తనైతే బతిమాలి ఒప్పిస్త. మట్టిని ఎట్ల ఒప్పియ్యాలె బిడ్డా?”

తెల్లవారి చూస్తే హరిచందన చేను నడుమ ఉంది. చెప్పులు గట్టున విడిచి, పచ్చటి చెట్లవి మాత్రమే ఏరి, పండిన కాయలు కొంగున మూటగట్టింది.

“ఇవి మంచియే అమ్మా! సూడు, ఎట్ల నవ్వుతున్నయో!”

“తెగులు లోపల దూరినంక సుత చెట్టు కొన్నొద్దులు నవ్వుతనే ఉంటదే.”

కౌసల్యమ్మ ఆ ముడి విప్పి, కాయలన్నీ చేనులోనే కుమ్మరించింది. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల్లి ఆమెను బోరు దగ్గరకు నడిపించి, కొంగు జాడించి, పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. మడమలు తోమింది. వేళ్ళ సందులు తోమింది.

“తల్లి బిడ్డ కాళ్ళు కడుగుడేందే? నాకు పాపం తగుల్తది. బస్సు పోతది, ఇడువు!”

కౌసల్యమ్మ వినలేదు. వెండిమెట్టె అంచున నల్లటి మన్ను. ఆమె చెయ్యి దాని మీదికి పోయి ఆగిపోయింది. భర్త శవం పక్కన తన మెట్టెలు తీసిన చేతులు గుర్తొచ్చాయి. బిడ్డ కాలి మెట్టెను విధవ చెయ్యి తీయవచ్చునా?

తల్లి చెయ్యి మెట్టె దగ్గర ఆగడం హరిచందన చూసింది. కాలు తన వైపు లాక్కుంది.

“నువ్వు ముట్టకు,” అంది. “నేనే తీస్త.”

తడి వేలి నుంచి మెట్టె కష్టంగా ఊడింది. దాని కింద, తెల్లబడిన చర్మం చుట్టూ, దారమంత సన్నగా రేగడి. కౌసల్యమ్మ చెంబెత్తి పోసింది. మళ్ళీ పోసింది. ఆ నీళ్ళు మెల్లగా కాలువ పట్టి, వెనక్కి, ఆమె చేనులోకే పోయి ఇంకాయి.