ఏసీ నీళ్ళతో పెంచిన చెట్లు

మా బొగ్గుగని కంపెనీ క్వార్టర్లలో కరెంటుకు కొదవ లేదు కాబట్టి ఇంటికో ఏసీ ఉంటుంది. వాటి వెనక గొట్టాల్లోంచి కారే నీళ్ళు పట్టి మోసే మనిషిని నేను. డ్యూటీ నుంచి మూడున్నరకు వచ్చి, చెప్పులైనా విప్పకుండా నాలుగిళ్ళ వెనక తిరిగి డబ్బాలు నింపుకొస్తాను. చలికాలం ఏసీలు ఆపేస్తే డ్రమ్ముల్లో దాచిన వాన నీళ్ళు. గోదావరిఖనిలో మా లైను వాళ్ళకు నేను ఏసీ నీళ్ళ రాజకుమారిని.

ఇంత మోతా రెండు బ్లూబెర్రీ చెట్ల కోసం. చెట్లంటే పెద్ద మాట. మోకాలెత్తు దాటని రెండు పొదలు, రెండు కుండీల్లో. నల్లా నీళ్ళు వాటికి పడవు, వాటిలో సున్నం ఉంటుంది. పులుపు మట్టి కావాలి, కొబ్బరి పొట్టు కావాలి, ఎండాకాలం పైన పచ్చ బట్ట కట్టాలి. మనుషులే మాడిపోయే ఊళ్ళో వీటికి ఇన్ని సేవలు.

"గీ సేవ అల్లనేరేడుకు జేస్తే ఈపాటికి బుట్టలు నింపుకుందువు రాజక్కా," అని పక్కింటి మైమూనా ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. అంటూనే తన ఏసీ కింద డబ్బా నిండిందో లేదో తొంగి చూస్తుంది.

నా భర్త జైపాల్ మా మేనత్త కొడుకే, నాకు బావ. గనిలో నడుముకు దెబ్బ తగిలి హైదరాబాదు దవాఖానలో ఇరవై రోజులున్నాడు. పక్క మంచం వాళ్ళు ఒకరోజు నా చేతిలో నాలుగు బ్లూబెర్రీలు పెట్టారు. ఆ ఇరవై రోజుల్లో నేను రుచి తెలిసి తిన్నవి అవే. తిరిగొచ్చాక మంచిర్యాలలో నర్సరీ నడిపే ఖదీర్ అన్నకు చెప్పి రెండు మొక్కలు తెప్పించుకున్నాను. ఇప్పటికి మూడేళ్ళు. ఈ ఇంట్లో నా ఇష్టంతో అడుగుపెట్టినవి అవే.

ఇక గని పనికి పనికిరాడని బావను అన్‌ఫిట్ చేశారు. ఏడాది తిరిగాక ఆయన బదులు నాకు ఉద్యోగమిచ్చారు. నేను డ్యూటీకి పోవడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆయన మంచం పట్టాడు. డాక్టరు నడవమన్నాడు, నడవడు. టీవీ పెట్టుకోడు. ఏమడిగినా ఊ కొట్టి గోడ వైపు తిరుగుతాడు. మొదట్లో బతిమాలాను, తరువాత తిట్టాను, ఆ తరువాత రెండింటికీ ఓపిక లేక వదిలేశాను.

పోయిన దసరాకు చెట్ల ఆకులు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఫోటో తీసి ఖదీర్ అన్నకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"ఎవరన్న సున్నం ఏస్తున్నరా చెల్లె? గిది సున్నం పనే."

"ఎవరేస్తరన్నా? ఇంట్ల ఉండేది ఇద్దరమే. ఆయనైతే మంచమే దిగడు."

మట్టి మార్చమన్నాడు, మార్చాను. కొన్నాళ్ళకు మళ్ళీ అదే పసుపు. ఒక పొద ఆకులు రాల్చడం మొదలుపెట్టింది.

ఒకరోజు డ్యూటీలో జ్వరం వచ్చింది. పర్మిషన్ అడిగి పదకొండింటికే ఇంటికొచ్చాను. బావ కుండీల దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. నడుముకు బెల్టు. ఒళ్ళో గిన్నె, అందులో ఇంటికి వేయగా మిగిలిన సున్నం. చిటికెడు చిటికెడు తీసి పొద మొదలు చుట్టూ సమంగా చల్లి, పైన మట్టి కప్పుతున్నాడు. గనిలో ఆయన పని అదే. బొగ్గు దుమ్ముకు నిప్పంటుకోకుండా గోడలకూ నేలకూ తెల్ల రాతిపొడి చల్లడం. ఇరవై రెండేళ్ళు చల్లాడు. తెల్లపొడి పడిన చోటికి ఆపద రాదని ఆయన లెక్క.

చెట్లకు సున్నం పడదని నేనెప్పుడూ ఆయనకు చెప్పలేదు. ఆ సంగతి గుర్తొచ్చేలోపే నా నోరు లేచింది.

"మూడేండ్లు సాకిన. నీళ్ళు మోసి మోసి నా రెక్కలు పడిపోయినయ్. నువ్వు సున్నమేసి సంపుతున్నవా?"

"చీమలు వడుతున్నయ్. పొడి జల్లితె ఏం గాదని..."

"నిన్నెవలు అడిగిండ్రు? చెయ్యి వెట్టకు. పోయి పండుకో."

గిన్నె కింద పెట్టి పోయి పడుకున్నాడు. నేను మిగిలిన సున్నం బస్తాతో సహా చెత్తబండికిచ్చి, జ్వరంతోనే కుండీల మట్టి మార్చాను.

సాయంత్రం మైమూనా మందుబిళ్ళలు తెచ్చిచ్చింది. "జైపాల్ భాయ్ ఇయ్యాల జల్దిన లోపలికి వోయిండేంది? రోజు నువ్వు డ్యూటీకి పోంగనె బయటనే కూసుంటడు గద. రెండు నెల్ల సంది. గోడ మీది నుంచి నాతోని మాట్లాడ్త గూడ ఉంటడు. నీకు తెల్వదా?"

నాకు తెలియదు.

చెట్లు కోలుకున్నాయి. బావ మాత్రం వాకిట్లోకి రావడమే మానేశాడు. నేను పీట ఎక్కడుందో అక్కడే ఉంచాను, ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా జరపలేదు. చలికాలం పోయింది, పూత వచ్చింది. మార్చిలో పదకొండు పండ్లు పండాయి. పళ్ళెంలో పెట్టి తీసుకెళ్తే ఒకటి నోట్లో వేసుకుని, "మంచిగున్నయ్," అని పళ్ళెం వెనక్కిచ్చాడు. మిగతా పది వంటింట్లో నిలబడి తిన్నాను. రుచే తెలియలేదు. చెట్లను బతికించుకుని మనిషిని పడుకోబెట్టాను. ఈ మాట ఎవరితో చెప్పుకోను?

మర్నాడు డ్యూటీ దిగి వస్తూ దుకాణంలో సున్నం పొట్లం కొన్నాను. తెచ్చి బావ పక్కన మంచం మీద పెట్టాను.

"చెట్లకు చీమలు వట్టినయ్ బావా."

ఆయన ఇటు తిరిగాడు. పొట్లం చూశాడు, నన్ను చూశాడు. "నువ్వే అంటివి గద, సస్తయని."

"సస్తె సావనీ. నువ్వు లెవ్వు."

ఏడవొద్దనుకున్నాను, ఏడ్చాను. అక్కడే నేల మీద కూలబడ్డాను. డబ్బాలు నిండి పొర్లుతుంటాయని తెలిసి కూడా లేవలేకపోయాను. అంత అలసట ఎన్నాళ్ళ నుంచి ఉందో కూడా నాకు తెలియదు.

బావ పొట్లం తీసి తలగడ అవతల పెట్టాడు. మెల్లగా కూర్చుని, మేకుకున్న బెల్టు అందుకుని నడుముకు చుట్టుకున్నాడు.

"నీళ్ళు నేను తెస్త. సగం సగం నింపుకుంట తెస్త. నువ్వు జరసేపు పండు రాజీ."

ఆయన లేచిన చోటే పడుకున్నాను. మైమూనా వాళ్ళ గేటు చప్పుడైంది. కాసేపటికి మా కుండీల దగ్గర నీళ్ళు పోసిన చప్పుడు. రెండో డబ్బా కోసం ఆ గేటు మళ్ళీ మోగేదాకా నాకు నిద్ర పట్టలేదు.