గొళ్ళెం పిట్ట

అనుమతి వచ్చిందన్న ఫోను మోగేసరికి నేను వంటింటి వెనక తలుపు గొళ్ళానికి నూనె పోస్తున్నాను.

నాకు పెళ్ళయి అప్పటికి ఇరవై మూడు రోజులు. ఆ ఇంట్లో నాకు నచ్చనిది ఒక్కటే, ఆ గొళ్ళెం. పొద్దున్నే అత్తయ్య దాన్ని లాగితే 'టక్... కిర్ర్ర్... టక్' అని ఇల్లంతా లేచి కూర్చునేది. కొత్త కోడలిగా ఏదో ఒకటి బాగుచేసి మార్కులు కొట్టెయ్యాలని నాకు మహా ఉబలాటంగా ఉంది. అందుకే మా ఆయన పడవ ఇంజను కోసం దాచుకున్న నూనె డబ్బా ఎత్తుకొచ్చి, తుప్పంతా గీకి, గొళ్ళాన్ని వెన్నలో వేలు పెట్టినంత మెత్తగా జారేలా చేశాను.

అత్తయ్య ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చారు. ముఖం మామూలుగానే ఉంది కానీ చెప్పులు తారుమారుగా వేసుకున్నారు.

"చిట్టి దీవికి వెళ్ళనిస్తారట. శని, ఆదివారాలు. రెండు పొద్దుటిపూటలు," అన్నారు.

మా అత్తయ్య పిట్టల గైడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ దీవుల్లో తప్ప ఇంకెక్కడా కనబడని పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళని అడవుల్లో, బురదల్లో నడిపిస్తున్నారు. మా ఆయన పడవ నడుపుతారు. చిట్టి దీవికి మాత్రం తొమ్మిదేళ్ళుగా ఎవరినీ పోనివ్వడం లేదు. పిట్టలు గుడ్లు పెట్టుకునే చోటని అటవీ ఆఫీసువాళ్ళు మూసేశారు.

ఫోను సంతోషంలో అత్తయ్య తిన్నగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం లాగారు. చప్పుడు కాలేదు. మళ్ళీ వేసి మళ్ళీ లాగారు. చప్పుడు లేదు.

"ఏం చేశావమ్మాయ్?"

"నూనె వేశాను అత్తయ్యా," అన్నాను, మెచ్చుకోలు కోసం చెయ్యి చాచినట్టుగా.

ఆవిడ గొళ్ళెం మీద చెయ్యి తియ్యకుండా కాసేపు నిలబడ్డారు. "మంచిది," అని పెరట్లోకి వెళ్ళిపోయారు. మెచ్చుకోలు అంత పొట్టిగా ఉంటుందని నేననుకోలేదు.

సాయంత్రం మా ఆయన సంగతి విని గోడకి చేరబడిపోయారు.

"అమ్మ ఆ గొళ్ళాన్ని పదకొండేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదే. నేనొకసారి కొత్తది కొందామంటే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు."

"గొళ్ళెంతోనా అంత అనుబంధం?"

"గొళ్ళెంతో కాదు, దాని గొంతుతో."

అప్పుడు చెప్పారు. పదకొండేళ్ళ క్రితం చిట్టి దీవిలో, రెల్లు పొదల అవతల, అత్తయ్య ఒక కూత విన్నారు. పాతకాలం వాళ్ళు గొళ్ళెం పిట్ట అని పిలిచే పక్షిది. తుప్పు పట్టిన గొళ్ళెం లాగినట్టు కూస్తుంది. అది ఎప్పుడో పోయిందని అందరూ అనుకుంటున్న కాలం. అత్తయ్య విన్నది విన్నట్టు దీవుల పక్షుల జాబితాకి రాసి పంపారు. ఆ జాబితా రాసేది రిటైరైన ఒక లెక్కల మాస్టారు. ఫొటో ఉండాలి, లేదా ముగ్గురు చూసి విడివిడిగా రాసివ్వాలి, అదీ ఆయన నియమం. ఒక్కరు, అదీ చెవితో విన్నది లెక్కలోకి రాదని ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి కొట్టేశారు. కొట్టేసిన కాగితం నకలు కూడా పంపారు. అది ఇప్పటికీ బట్టల బీరువా తలుపు లోపల అంటించి ఉంది. నేను దాన్ని కరెంటు బిల్లు అనుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ కూత చెవిలోంచి జారిపోతుందేమోనని అత్తయ్య అన్ని తలుపులూ లాగి చూసుకున్నారట. వెనక తలుపు గొళ్ళెం అచ్చం అలాగే అరిచింది. అప్పట్నించీ రోజూ పొద్దున్నే ఒకసారి లాగి, విని, పనిలో పడతారు.

నేను తల పట్టుకున్నాను. "ఇప్పుడెలాగండీ?"

"ఏడవకు. నేను దాన్ని ఎప్పుడో ఫోన్లో ఎక్కించుకున్నా," అని నా ఫోను లాక్కుని, తాను చేసినప్పుడు మోగే మోతగా ఆ చప్పుడు పెట్టేశారు. ఆ రాత్రి పక్క గదిలోంచి నాకు పదిసార్లు ఫోన్ చేశారు. తలుపు గొళ్ళెంలా అరిచే ఫోనుని చూసి అంత నవ్వుకోవచ్చని పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు.

అత్తయ్య ఆ మోత విని, "దారుణం," అన్నారు. కానీ పెదవి చివర కొంచెం వంగింది.

శుక్రవారానికి యాత్రవాళ్ళు దిగారు. కెమెరా తుపాకీలా మోసుకొచ్చిన పళ్ళ డాక్టరమ్మ, ఆవిడ భర్త, మూడో మనిషి లెక్కల మాస్టారు. ఆయన టిక్కెట్టు తానే కొనుక్కుని వచ్చారు. ఈ రెండు రోజుల్లో పిట్ట కనబడకపోతే దాని పేరుని 'ఇక లేనివి' అనే పేజీకి మార్చేస్తానని మర్యాదగా, చేతులు కట్టుకుని చెప్పారు.

"మారిస్తే మీరు విన్నదాన్ని తిరిగి ఎక్కించే దారి కూడా మూసుకుపోతుంది. ఏమీ అనుకోకండి," అన్నారు.

"పదకొండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నా మాస్టారూ, ఇంకో రెండ్రోజులు ఎక్కువా?" అన్నారు అత్తయ్య, ఆయనకి టీ పోస్తూ.

ఈసారి సాయానికి నన్నూ రమ్మన్నారు. మా ఆయన నాకు రబ్బరు బూట్లు కొనిపెట్టారు, ఒక సైజు పెద్దవి. ముందు పాత కాగితాలు కుక్కుకుని తొడుక్కున్నాను. నా జీవితంలో అందుకున్న కానుకల్లో అంత అందమైనవి లేవు. నడుస్తుంటే లోపల కాగితాలు గుసగుసలాడేవి.

"ఆ బూట్లు పిట్టకి వినపడతాయి," అన్నారు అత్తయ్య. కాగితాలు తీసేసి మూడు జతల మేజోళ్ళు వేసుకున్నాను.

శనివారం వెలుతురు రాకముందే పడవ చిట్టి దీవి చేరింది. దిగేముందు అత్తయ్య బిస్కెట్ల రేకు డబ్బా తెరిచి పట్టుకున్నారు. అది ఆవిడ పద్ధతి. అందరి ఫోన్లూ ఆపేసి అందులో వెయ్యాలి. ఫోన్లో కూత వినిపించి పిట్టని బయటికి రప్పించే గైడులంటే ఆవిడకి ఒళ్ళుమంట. "పక్కింటివాళ్ళని దొంగ గొంతుతో పిలిచి, వాళ్ళు పరిగెత్తుకొస్తే కిటికీలోంచి చూసి నవ్వడం లాంటిది," అంటారు. డబ్బా మూత చుట్టూ టేపు వేసి తన సంచిలో పెట్టుకున్నారు. రెండో పద్ధతి, పిట్ట కనబడితే ఎవరూ మాట్లాడకూడదు, వేలు చూపకూడదు. అది వెళ్ళిపోయాక ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకుని, ఆ తరవాతే నోరు విప్పాలి.

"ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చేసేది అదే," అన్నారు డాక్టరమ్మ భర్త.

"పుస్తకంలో రాసుకుంటారేమిటి?" అన్నారు డాక్టరమ్మ.

"బోలెడు."

మా ఆయన పడవలో ఉండిపోయారు. వెనక్కి చూస్తే చెయ్యి ఊపారు. మళ్ళీ చూస్తే మళ్ళీ ఊపారు. "అమ్మాయ్, పిట్టలు ఇటువైపు," అన్నారు అత్తయ్య.

మోకాలి లోతు బురదలో గంటన్నర నడిచాం. అత్తయ్య వేలు చూపకుండా 'పదింటివైపు', 'రెండింటివైపు' అని గడియారం ముల్లులా చెబుతుంటే మూడు రకాల పిట్టలు చూశాం. డాక్టరమ్మ ప్రతిదానికీ వంద ఫొటోలు తీశారు. చివరికి రెల్లు మధ్య చిన్న ఖాళీ ఎదురుగా మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, మాకు అడ్డం రాకుండా పక్కకి ఒదిగారు అత్తయ్య. ఎప్పుడూ అంతే. మంచి చోటు డబ్బిచ్చి వచ్చినవాళ్ళది అంటారు.

ముప్పావుగంట ఏమీ లేదు. మాస్టారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఆయన చూసినప్పుడల్లా నా నూనె డబ్బా వల్లే ఆ పిట్ట కూడా మూగబోయిందేమో అని పిచ్చి ఆలోచన.

అప్పుడు వినిపించింది. టక్... కిర్ర్ర్... టక్.

అత్తయ్య చూపు ముందు రెల్లువైపు వెళ్ళలేదు. నా వైపు వచ్చింది. నా చెయ్యి నా జేబుమీదికి వెళ్ళింది. నాకు కూడా నా ఫోనే అనిపించింది మరి. మాస్టారు మెడ నిక్కించి, "ఎవరిదో ఫోన్ అనుకుంటా," అని గొణిగారు. మామూలుగానే అన్నారు కానీ ఆ మాటకి అత్తయ్య ముఖం ఎర్రబడింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడని ఎన్నెన్నో అని ఉంటారు, దొంగ గొంతుతో పిలిచావని మాత్రం ఎవరూ అనలేదు.

ఆవిడ మా ఎదురుగా వచ్చి, ఖాళీకి వీపు పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నారు. సంచిలోంచి డబ్బా తీసి, చప్పుడు కాకుండా టేపు ఊడదీసి, మాస్టారి ముందు తెరిచారు. ఐదు ఫోన్లు. ఒక్కొక్కటీ తీసి చూపించారు, ఐదూ ఆపేసి ఉన్నాయి.

టక్... కిర్ర్ర్... టక్. ఈసారి ఇంకా దగ్గరగా.

అత్తయ్య వీపు వెనక, రెండు బారల దూరంలో, రెల్లు విడింది. ముదురు గోధుమ రంగు పిట్ట, పావురమంత. ఇటుక రంగు కాళ్ళు. మూడడుగులు వేసి ఆగింది. తోక రెండుసార్లు ఎగరేసింది, కింద తెల్లగా మెరిసింది. దాని వెనకే నల్లటి పిల్ల. దాని వెనక ఇంకో పిల్ల. రెండోది బురదలో జారి బోర్లాపడి, ఏమీ జరగనట్టు లేచింది.

తిరగండి అత్తయ్యా, ఒక్కసారి వెనక్కి తిరగండి అని నా ఒంట్లో ప్రతి ఎముకా అరిచింది. నోరు తెరిస్తే పిట్ట పారిపోతుంది, రాయబోయే సాక్ష్యమూ చెడుతుంది. ఆవిడ నా ముఖం చూశారు. మాస్టారి ముఖం చూశారు. అర్థమైంది. ఆవిడ భుజం కూడా కదల్లేదు. చేతిలో నా ఫోను అలాగే పట్టుకుని, పదకొండేళ్ళు ఎదురుచూసిన దానికి వీపు పెట్టి, అది తీరిగ్గా దాటి వెళ్ళేదాకా రాయిలా కూర్చున్నారు. కళ్ళు మాత్రం మా కళ్ళలోనే ఉన్నాయి, అక్కడైనా దాని నీడ దొరుకుతుందేమో అన్నట్టు.

రెల్లు మూసుకుంది. పుస్తకాలు తీశాం. నా పెన్సిలు రెండుసార్లు విరిగింది.

రాయడం అయ్యాక మాస్టారు అందరి పుస్తకాలూ తీసుకున్నారు. డాక్టరమ్మ పేజీ ఖాళీగా ఉంది. సరిగ్గా ఆ నిమిషంలోనే తల వంచి కెమెరాలో కార్డు మారుస్తున్నారట. "నాతో ఎవరూ మాట్లాడకండి," అన్నారావిడ.

భర్త పేజీలో, 'ఎర్ర సాక్సులు వేసుకున్న చిన్న కోడి. తోక కింద తెల్ల రుమాలు. కోపంగా ఉంది,' అని ఉంది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. తరవాత నాది చదివారు.

"రెండు పిల్లలా? నాకు ఒకటే కనబడింది."

"రెండోది జారిపడింది మాస్టారూ. అప్పటికి మీరు మొదటిదాన్ని చూస్తున్నారు."

ఆయన కళ్ళు మూసుకుని ఏదో గుర్తు చేసుకున్నారు. "అవును. బురద చిందింది. ఏమిటా అనుకున్నాను."

"కోడలి సాక్ష్యం చెల్లుతుందా?" అన్నారు అత్తయ్య. "ఇప్పుడే చెప్పండి. తరవాత ఎర్ర సిరా వద్దు."

"నియమంలో ముగ్గురు అని ఉందండీ, వాళ్ళ చుట్టరికాలు అడగమని లేదు. నేను, ఆయన, మీ కోడలు. ముగ్గురం." మాస్టారు తన పుస్తకం వెనక పేజీ తిప్పారు. "మీరు విన్నదాన్ని కూడా తిరిగి ఎక్కిస్తాను. తేదీ నాకు ఇంటికెళ్ళి చూడాలి..."

అత్తయ్య తేదీ చెప్పారు. సమయం చెప్పారు. ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందో కూడా చెప్పారు. మాస్టారు నిలబడి రాసుకున్నారు, బురదలో, టోపీ తీసి చంకలో పెట్టుకుని. ఆవిడ పేరు పెద్ద అక్షరాలతో రాస్తుంటే నేను తొంగి చూశాను. నా పేరు నేను మొదటిసారి రాసుకున్నప్పుడు కూడా అంత పొంగిపోలేదు. ఈవిడ మా అత్తయ్య అని దీవిలో చెట్టు చెట్టుకీ చెప్పాలనిపించింది.

పడవ కనబడగానే మా ఆయన మా ముఖాలు చూసి లేచి నిలబడ్డారు, పడవ సగం ఊగిపోయింది. సంగతంతా నేనే చెప్పాను, ఒక్క ఊపిరిలో, పిల్ల జారిపడ్డం రెండుసార్లు.

"మరి అమ్మా, నీకెలా అనిపించింది దాన్ని చూస్తే?"

"నేను చూడలేదురా. నా వెనక నుంచి వెళ్ళింది," అన్నారు అత్తయ్య, బూట్లలో నీళ్ళు ఒంపుకుంటూ.

ఆయన పడవ తాడు విప్పబోయి ఆగి, "పోనీ గొళ్ళానికి నూనె తుడిచేసి ఉప్పునీళ్ళు పొయ్యనా? నెలకల్లా తుప్పు పట్టేస్తుంది," అన్నారు.

"వద్దు, జారనీ. ఇక దాంతో నాకు పనేముంది?" ఆవిడ ఖాళీ బిస్కెట్ల డబ్బా, టేపు చుట్టా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "అమ్మాయ్, రేపు నాలుగున్నరకి పడవ. ఫోన్లు నువ్వే తీసుకుంటావు, ముందు నువ్వే నడుస్తావు. నేను డాక్టరమ్మగారి పక్కన వరసలో కూర్చుంటా. మంచి చోటు చూసి కూర్చోబెట్టు."