ఫ్లాస్కులో నీళ్లు

గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చినప్పటి నుంచి సైఫుల్లాకు నోట్లో తడి లేదు, నాలుకకు రుచి లేదు. రొట్టె నమిలినా అట్టముక్క నమిలినా ఒకటే. ఇరాన్‌లోని కాషాన్ ఊరి బజారులో తివాచీల చిరుగులు కుట్టే మనిషి, చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. రోజూ పళ్లకు తొడుగులు పెట్టుకుని ఫ్లోరైడ్ మందు పట్టించేవాడు. నోరు ఎండకుండా ఫ్లాస్కులో నీళ్లు గుక్కగుక్కగా తాగేవాడు. బతకాలన్న ఆశతో కాదు, చేయమన్నారు కాబట్టి చేసేవాడు.

అయినా ఈసారి పళ్ల డాక్టర్ మొజ్గాన్ ఆయన నోట్లో అద్దం పెట్టి, వెనక పళ్లను మళ్లీ మళ్లీ చూసింది.

"సైఫుల్లా గారూ, నా దగ్గర దాపరికమెందుకు? మిఠాయిలు ఎక్కడ తింటున్నారు? వెనక పళ్లు రెండు పుచ్చిపోయాయి."

"తినలేదమ్మా."

"కరెంటు పెట్టిన దవడ ఇది. పన్ను పీకితే గాయం మానకపోవచ్చు, ఎముకే కుళ్లిపోవచ్చు. అందుకే కదా తీపి వద్దని అన్నిసార్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను."

అబద్ధాలకోరు అన్నట్టే కదా. రోషం రావాలి, రాలేదు. ఆ పళ్లు వేరెవరివో అన్నట్టు పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

పక్కనే ఉన్న భార్య తూబాకు మాత్రం ఒళ్లు మండింది. "ఆయన్ని అనకండి డాక్టరమ్మా. చక్కెర డబ్బా నేనే అటకెక్కించాను. టీ తాగేటప్పుడు పంటి కింద పెట్టుకునే చక్కెర గడ్డ కూడా మాన్పించాను. ఆయన నీళ్లలో కూడా చక్కెర వేయను, పటికబెల్లమే వేస్తాను. మా అక్క మొక్కు తీర్చుకోడానికి మషద్ వెళ్లి తెచ్చింది. ఒంటికి సత్తువ, గొంతుకు మంచిది."

డాక్టర్ ఫ్లాస్కు మూత తీసి, అరచేతిలో కాస్త ఒంపుకుని నాలుకకు తాకించింది. "అమ్మా, ఇదీ చక్కెరే," అంది మెల్లగా. "రోజంతా పళ్లు ఇందులోనే నానుతున్నాయి."

తూబా మొహంలో నెత్తురు చుక్క లేదు. "పటికబెల్లం మందు కదా," అని మాత్రం అనగలిగింది.

"పళ్లు పీకను. నరం తీసి, పైన మూసి కాపాడుకుందాం. నిలుస్తాయో లేదో చెప్పలేను. ఇవాళ్టి నుంచి ఉత్త నీళ్లే."

టాక్సీలో తూబా ముసుగు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. సైఫుల్లా లోపల కోపం కోసం వెతుక్కున్నాడు, జాలి కోసం వెతుక్కున్నాడు. రెండూ దొరకలేదు.

"ఎప్పట్నుంచి వేస్తున్నావు?"

"ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినప్పట్నుంచి. రోజూ ఫ్లాస్కు ఖాళీ చేసేవారు కదా. నచ్చిందనుకున్నాను."

ఆయన కిటికీ వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు.

"బాగా తియ్యగా ఉండేదా?"

"చాలా," అంది తూబా.

ఇన్నాళ్లూ అంత తీపి తన నోట్లోనే ఉందన్నమాట. సైఫుల్లాకు అప్పుడు ఏడుపొచ్చింది.