ఎడమ నుంచి నాలుగో పేరు

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ కిరీటి మంగళవారం ఫోన్ చేశారు.

"లక్ష్మీకాంత్ గారూ, పోయిన క్రిస్మస్‌కి మీ పేపర్లో చర్చి పాటల బృందం ఫొటో వేశారు కదా, అది మీరు పంపిందేనా?"

"నేనేనండి. ఏమైంది?"

"ఎడమ నుంచి నాలుగో అమ్మాయి మీద ఫిర్యాదు వచ్చింది. మీ క్లిప్పింగే జత చేశారు. గురువారం పదకొండింటికి వచ్చి ఓ ముక్క రాసివ్వండి."

పామర్రులో ఇరవై ఆరేళ్లుగా విలేకరిని. ఫొటోలో ఎంతమంది ఉంటే అన్ని పేర్లూ రాయాలని చేరిన మొదటి నెలలోనే నేర్పారు. పేరు పడిన ఇంట్లో ఆ రోజు పేపరు కొంటారు. ఆ ఫొటోలో పదకొండు మంది ఉన్నారు. పదకొండు పేర్లూ రాశాను. నాలుగోది శాలిని. గ్రామ సచివాలయంలో పనిచేస్తుంది. ఎస్సీ రిజర్వేషన్‌లో వచ్చిన ఉద్యోగం. క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్కిస్తారు. మారినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దవుతుంది. దాంతో ఉద్యోగమూ పోతుంది.

క్లిప్పింగ్ తీసి చూశాను. పేర్లకు ముందు "సంఘ సభ్యులు" అని ఉంది, అంటే చర్చిలో చేరినవాళ్లని. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. క్రిస్మస్ వార్తల్లో ఏటా రాస్తాను కాబట్టి రాశాను.

బుధవారం వాళ్లింటికి వెళ్లాను. తల్లి సువార్తమ్మ కుర్చీ వేసింది.

"పేరు పడిందని ఆరు పేపర్లు కొన్నాం బాబూ. ఒకటి ఫ్రేము కట్టించాను."

గోడ మీద ఫ్రేము లేదు.

"బియ్యం డ్రమ్ములో దాచింది," అంది శాలిని. "ఎలకలు చదువుకుంటాయని."

"నువ్వూరుకోవే."

బాప్తిస్మం తీసుకున్నావా అని శాలినిని అడిగాను. డిసెంబరులో అడగాల్సిన ప్రశ్న.

"లేదండి. మా వీధిలో నా ఈడువాళ్లెవరూ తీసుకోలేదు. చదువు, ఉద్యోగం, ప్రొబేషను అన్నీ అయ్యాక చూద్దాం అనుకుంటాం. సంఘం పుస్తకంలో నా పేరు లేదు. మీ పేపర్లోనే ఉంది."

"సభ్యులు అన్నది నా మాట. అడక్కుండా రాశానని రాసిస్తాను."

"మీకు ఇబ్బంది రాదా?"

రాదన్నాను. ఇంటికొచ్చి మా పేపరు విజయవాడ డెస్కుకి ఫోన్ చేశాను. అడక్కుండా రాశామని కాగితం మీద ఒప్పుకోవద్దన్నారు. ఒప్పుకునేట్టయితే ప్రెస్ కార్డు వెనక్కి పంపమన్నారు.

గురువారం ఆఫీసులో కిరీటి ముందు, శాలిని పక్కన కూర్చుని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"పనికొస్తుందండి. పాట పాడినంత మాత్రాన మతం మారినట్టు కాదు. పుస్తకంలో పేరు లేదని పాస్టరు గారూ రాసిచ్చారు." శాలిని వైపు తిరిగారు. "ఇంకొక్కటే ఉందమ్మా. క్రీస్తుని నమ్ముతావా? ఫారంలో ఈ గడి ఖాళీగా వదలకూడదు."

శాలిని నోరు తెరిచింది. కిరీటి పెన్ను కింద పెట్టేశారు.

"ఇప్పుడొద్దు. వెళ్లి టీ తాగి రండి. ఆలోచించుకుని చెబుదువుగాని."

గేటు పక్కన టీ కొట్టు దగ్గర సువార్తమ్మ నిలబడి ఉంది. ఏం అడిగారో శాలిని చెప్పింది.

"నమ్మనని చెప్పెయ్యవే. నీ మనసులో ఏముందో ప్రభువుకి తెలీదా? ఏమీ అనుకోడు."

"నువ్వైతే చెబుతావా?"

సువార్తమ్మ టీ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నాకు ఉద్యోగం లేదుగా," అంది.

నన్నెవరూ ఏమీ అడగలేదు. నమ్మనని చెబితే ఉద్యోగం ఉంటుంది. అలా చెప్పమనడానికి నేనెవరిని? చెప్పొద్దనడానికి అసలే కాను. ఉద్యోగం నాది కాదు.

శాలిని టీ పూర్తిగా తాగి గ్లాసు పెట్టి లోపలికి వెళ్లింది. కొట్టు దగ్గర్నుంచి కిటికీలో ఆమె వీపు, కిరీటి ముఖం కనిపిస్తున్నాయి. ఆయన ఏదో అడిగారు. ఆమె చెప్పింది. ఆయన మళ్లీ అడిగారు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన రాశారు. ఒక మాట రాయడానికి పట్టేంత సేపే పట్టింది. కాగితం ఆమె వైపు తిప్పారు. నిలబడే సంతకం పెట్టింది.

బయటికి వచ్చాక తల్లి అడిగింది. "ఏం చెప్పావే?"

"ఏం పాడానో అదే చెప్పానమ్మా."

సువార్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నా వైపు తిరిగింది.

"ఇది పేపర్లో వెయ్యకండి బాబూ. వేస్తే దాని పేరు మాత్రం రాయకండి."

రాయనన్నాను. ఇక్కడ శాలిని అన్నది కూడా అసలు పేరు కాదు.

పైనుంచి ఉత్తర్వు రావడానికి పదిహేను రోజులు పడుతుందని కిరీటి చెప్పారు. శాలిని రోజూ ఆఫీసుకి వెళుతోంది. నా ప్రెస్ కార్డు కవర్లో పెట్టి అడ్రసు రాశాను, ఇంకా పోస్టు చేయలేదు. ఇవాళ పదకొండో రోజు.