తలుపులు లేని వంటిల్లు

"వంటిల్లంటే అద్దంలా ఉండాలమ్మా" అంటూ అత్తగారు గట్టు మీదున్నవన్నీ ఒక్కొక్కటిగా తీసి అల్మరాల్లో పెట్టి, ఎనిమిది తలుపులూ వేసేశారు. ఉప్పు డబ్బా, పొడుల సీసాలు, గోడకంటించిన పసుపు చీటీలు, వాటితోపాటు కోడలి మాత్రల డబ్బా. "నలుగురూ కొత్త కాపురం చూడ్డానికి వస్తారు. ఎదురుగా మందులుంటే పిల్లకేం రోగమో అనుకోరూ?"

అది బుధవారం మధ్యాహ్నం. కోడలు బాల్కనీలో బట్టలారేస్తోంది. మొగుడి పెద్ద మేజోడు పక్కన తన చిన్న మేజోడు తగిలించి, అవి రెండూ గాలికి ఒకదాన్నొకటి తన్నుకుంటుంటే తనలో తనే నవ్వుకుంటోంది. పెళ్లయి మూడు నెలలు. ఒకే కప్పులో రెండు బ్రష్షులు కనబడినా ముద్దొచ్చే రోజులు. ఆమెకు మొగుడు పెట్టిన పేరు తూనీగ. ఒకచోట వాలదని.

మెరిసిపోతున్న వంటిల్లు చూసి తూనీగ కూడా మురిసిపోయింది. "ఎంత బావుందో అత్తయ్యా!" అంది. మాత్రల సంగతి గుర్తే రాలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కంటి ముందు లేని వస్తువు ఆమె లోకంలోంచే మాయమైపోతుంది. చదువుకునే రోజుల్లో బద్ధకమనీ, పొగరనీ, పరధ్యానమనీ తిట్లు తిని తిని, చివరికి ఒక డాక్టరమ్మ ఈ మాత్రలు రాసిస్తూ "దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు, నీ మెదడు తీరే అంత, నీ తప్పేం లేదు" అన్నప్పుడు, ఆసుపత్రి మెట్ల మీద కూచుని హాయిగా ఏడ్చింది. పెళ్లికి ముందే అతనికి అంతా చెప్పింది. "ఓస్, అంతేనా! నాకూ ఉందేమో, వారానికోసారి బండి తాళం పోగొడతాను" అన్నాడు. ఆ "ఓస్, అంతేనా"కే పడిపోయింది. గుండె మీద బరువు ఎవరో దించినట్టనిపించింది. అతను బరువు దించలేదనీ, అసలు బరువే లేదన్నాడనీ అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది.

ఆమె కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్షించి నంబరు రాస్తుంది. శనివారం ఒక దర్జీ కొత్త కళ్లజోడు చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు.

"ఇది పెట్టుకుంటే నేల పక్కకి ఒరుగుతోందమ్మా. ఒక సూదికి రెండు సూదులు కనబడుతున్నాయి. దేంట్లో ఎక్కించను దారం?"

గురువారం తను రాసిన చీటీ తీసి చూసింది. కుడికంటి నంబరు ఎడమ గడిలో ఉంది, ఎడమది కుడి గడిలో. ముత్యాల్లాంటి తన చేతిరాతే. "తప్పు నాదేనండీ" అంది. షాపు యజమాని పకపకా నవ్వాడు. "కొత్త పెళ్లికూతురు కదండీ, మనిషిక్కడ, మనసింటి దగ్గర!" దర్జీ మాత్రం నవ్వలేదు. "రెండ్రోజులుగా మిషను మూసిపెట్టానమ్మా" అన్నాడు. అప్పుడు వెలిగింది ఆమెకు, మాత్ర వేసుకుని మూడు రోజులయిందని.

ఇంటికొచ్చి తలుపులన్నీ తెరిచి తెరిచి, ఎనిమిదోదాని వెనక డబ్బా దొరకబుచ్చుకుని గట్టు మీద పెట్టింది. దర్జీ సంగతి చెప్పి, "ఇది ఇక్కడే ఉండాలత్తయ్యా, కనబడకపోతే నాకది లేనట్టే" అని రెండుసార్లు చెప్పింది.

ఆదివారం పొద్దున లేచి చూస్తే గట్టు మళ్లీ అద్దంలా ఉంది.

"నలుగురికి వండి వార్చాను, ఏనాడన్నా ఏదన్నా మర్చిపోయానా?" అన్నారు అత్తగారు, కళ్లజోడు సర్దుకుని కూర తరుగుతూ. "మాత్ర మింగితే శ్రద్ధ వస్తుందటే? మనసుండాలి గానీ."

అతను పేపరు వెనకనుంచి తొంగి చూశాడు. "ఈ రోజుల్లో ఏడీహెచ్‌డీ లేనిదెవరికి? ఫోను పట్టుకున్న ప్రతివాడికీ ఉంది. కొంచెం మనసు పెట్టు తూనీగా, వచ్చేస్తుంది."

కొంచెం మనసు పెట్టు. ఎన్ని నోళ్లనుంచి విందో ఈ మాట. రోజుకు ఇరవై మంది తన ఎదుట కూచుని కింది వరుస కనబడటం లేదంటారు. ఒక్కరినైనా మనసు పెట్టి చూడండి అని పంపేసిందా? మసక అందరికీ ఉంటుంది లెండి అని నవ్విందా? ఇన్నాళ్లూ వీళ్లు నవ్వితే తనూ నవ్వింది. కొత్త కదా, ప్రేమ కదా అని. ఆ నవ్వుకి దర్జీ మిషను రెండు రోజులు మూతపడింది.

ఆమె వెళ్లి అత్తగారి ముక్కుమీది కళ్లజోడు మెల్లగా తీసింది.

"ఇదీ లోపల పెట్టేస్తానత్తయ్యా. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"ఓసి నీ అల్లరి! అది లేకపోతే నాకు కనబడదే!"

"నాకూ అంతేనండీ" అని, కళ్లజోడు తుడిచి తిరిగి పెట్టేసింది.

తరవాత మొగుడి పనిముట్ల పెట్టె లాక్కొచ్చి, స్టూలెక్కి, మొదటి అల్మరా తలుపు విప్పడం మొదలుపెట్టింది. స్క్రూలు ఆమెకు కొత్తా? కళ్లజోళ్లకుండే కంటికానని స్క్రూలతో రోజూ చేసే కాపురమే. షాపులోలాగే ఒక్కో తలుపు స్క్రూలూ ఒక్కో గిన్నెలో వేసింది. "అయ్యో అయ్యో, కాపురానికొచ్చి మూణ్ణెల్లు కాలేదు, ఇల్లు విప్పేస్తోందిరా నీ పెళ్లాం!" అని అత్తగారు గోల పెడుతున్నా ఆగలేదు. తలుపు ఊడినప్పుడల్లా లోపలి రంగులు బయటపడుతుంటే ఆమెకు కేరింతలు కొట్టాలనిపించింది. ఎర్ర మూతల సీసాలు, పచ్చటి పెసలు, పెళ్లికి స్నేహితురాళ్లిచ్చిన నీలం కప్పులు. ఇన్ని అందమైనవి ఇంట్లో ఉన్నాయా! అవసరమైనవన్నీ ఎదురుగా నిలబడి, మేమిక్కడే ఉన్నాం అంటున్నాయి.

ఊడిన ఏడు తలుపులూ గోడకు చేరబడ్డాయి. అతను పేపరు పక్కన పడేసి వచ్చాడు. చివరి అల్మరాకి తలుపు అలాగే ఉండటం చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"చూశావా! ఒకటి మర్చేపోయావ్!"

ఆమె స్టూలు దిగి, స్క్రూడ్రైవరు అతని చేతిలో పెట్టింది.

"మర్చిపోలేదు. నా మాత్రలు దాని వెనకే ఉన్నాయి. అది నీ వంతు. కొంచెం మనసు పెట్టు, వచ్చేస్తుంది."