ఆరున్నర మిల్లీమీటర్లు

"ఫ్రిజ్‌ల వెట్టిన కూర నాకు పడదని నీకు ఎరుకనే గద పద్మా?" అంది యాకమ్మ, వంటింటి గడప దగ్గర నిలబడి.

అత్తగారి మాట వింటూనే పద్మలత పప్పుచారు డబ్బా మూత బిగించింది. మర్నాడు పొద్దున ఆమె కుడి మోకాలికి ఆపరేషన్. ఎడమ కాలి మీద బరువు వేసి నిలబడి, మధ్యాహ్నం నుంచి మూడు రోజుల వంట చేస్తోంది. పద్నాలుగు నెలల కింద తడిబట్టల బకెట్‌తో మిద్దె మెట్లెక్కుతూ కాలు మడతపడి, మోకాల్లో 'టప్'మన్న చప్పుడు విన్నప్పుడే లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ తెగిందని ఆమెకు అర్థమైంది. "బట్టలన్ని మట్టిల వడ్డయి" అంది అత్త. "నడువస్తాంది గద, ఏంగాదు తియ్" అన్నాడు భర్త రాజమౌళి, ఎనుమాముల మార్కెట్లో తాను గుమస్తాగా చేసే మిర్చి అడ్తి దుకాణానికి పోయే తొందరలో. నడవడం వచ్చింది, నిజమే. పక్కకు తిరిగినప్పుడే మోకాలు జారేది. బిగుతైన పట్టీ వేసుకుని ఇంట్లో తిరిగింది, హన్మకొండ దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా డ్యూటీలో గంటల తరబడి నిలబడింది. పోయిన నెల సర్జన్‌కు కత్తెర అందిస్తూ ట్రాలీ మీదికి తూలింది. "ఆపరేషన్ చేయించుకుంటేనే మళ్లీ థియేటర్‌లోకి" అన్నారు ఆ సర్జన్, లక్ష్మీనారాయణ సార్. అలా ఒప్పుకున్నాడు రాజమౌళి. జీతం ఆగుతుందంటే ఒప్పుకున్నాడు.

ఆమె భయం ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్లుగా ఇలాంటి మోకాలి ఆపరేషన్లలో సార్ పక్కన నిలబడేది ఆమే. రోగి తొడ వెనక నుంచి సార్ లాగి తీసిన రెండు టెండన్లను, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి తాళ్లను, ఆమె చేతిలో పెడతారు. వాటికి అంటుకున్న కండను ఆమె గీకి శుభ్రం చేస్తుంది, కొసలకు దారంతో కుట్లు వేస్తుంది, మడిచి, లావు కొలిచి, బోర్డు మీద సాగదీసి బిగిస్తుంది. తెగిన లిగమెంట్ స్థానంలో గ్రాఫ్ట్‌గా ఎముకలోకి పోయేది అదే. "పద్మ చేతికిస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అంటారు సార్. అన్నీ తెలిసినందువల్లే ఆమెకు భయం. టెండన్‌ను లాగేటప్పుడు కొన్నిసార్లు మధ్యలో తెగుతుందని తెలుసు. ఆమెలాంటి పొట్టి, సన్నటి ఆడవాళ్లకు అది పల్చగా వస్తుందని తెలుసు. ఎనిమిది మిల్లీమీటర్లుంటే ధైర్యం, ఏడు దాటకపోతే మళ్లీ తెగే ముప్పు ఎక్కువ. పరకాల నుంచి వచ్చిన మొగిలమ్మది అలాగే తెగింది. పత్తి ఏరే మనిషి, ఏడాది తిరక్కుండా కుంటుకుంటూ వచ్చింది. ఆమె గ్రాఫ్ట్ కుట్టింది పద్మలతే.

మర్నాడు పొద్దున నడుములో మత్తు సూది ఇచ్చారు. నడుము కింద శరీరం ఎవరిదో అయిపోయింది. పైన మాత్రం దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. చలికి అనుకున్నారు మత్తు డాక్టర్ దీప్తి, ఇంకో దుప్పటి కప్పారు. ఛాతీ ముందు ఆకుపచ్చ గుడ్డ తెరలా కట్టారు. దాని వెనక ఏం జరుగుతోందో కనిపించదు, కానీ ప్రతి చప్పుడూ ఆమెకు తెలుసు. అదుగో, టెండన్‌ను లాగే ఇనుప గొట్టం లోపలికి పోతోంది. మొదటి టెండన్ వచ్చింది. రెండోదీ వచ్చింది. తెగలేదు. ఆమె ఊపిరి వదిలింది. ఇప్పుడు బల్ల మీద గీకుతున్న చప్పుడు. ఆ బల్ల ముందు ఈ రోజు మానస ఉంది. మానసకు ఆ పని నేర్పింది తనే. గట్టిగా గీకితే పోగులు తెగుతాయి, మెల్లగా బిడ్డా, అని మనసులోనే అంటోంది. తన ఒంట్లోది ఒకటి అక్కడ బల్ల మీద ఉంది, తాను ఇక్కడ పడుకుని ఉంది. తొమ్మిదేళ్లలో ఏ బల్ల మీద మనిషి గురించైనా తనకు ఇట్లాంటి ఆలోచన వచ్చిందా? గుర్తు రాలేదు.

తర్వాత చప్పుడు ఆగింది. లావు కొలిచే పలకను బల్ల మీద పెట్టడం వినబడింది. మానస మళ్లీ తీసింది. మళ్లీ పెట్టింది. మూడోసారి కొలుస్తోందంటే ఏమిటో పద్మలతకు తెలుసు.

"సార్..." అంది మానస, ఆ తర్వాతి మాట గొంతు తగ్గించి చెప్పింది.

"వాళ్లాయన బయట ఉన్నాడు కదా, పిలవండి. సంతకం కాగితం కూడా తెండి" అన్నారు లక్ష్మీనారాయణ సార్.

థియేటర్ తలుపు తెరుచుకుంది. తలుపు దగ్గర రాజమౌళి చెప్పులు విడిచిన చప్పుడు.

"టెండన్ సన్నగా వచ్చిందండి. చీలమండ పక్కన ఇంకొకటి ఉంటుంది, అది తీసి వాడితే గట్టిగా ఉంటుంది. ఇంకో చిన్న కోత. నొప్పి కొంచెం ఎక్కువ, కోలుకోవడం రెండు వారాలు ఆలస్యం కావచ్చు. వద్దంటే దీంతోనే చేస్తాం, కానీ మళ్లీ తెగే అవకాశం ఉంది" అన్నారు సార్.

"ఇంక రెండు వారాలా సార్?" రాజమౌళి గొంతులో కోపం లేదు, కంగారు ఉంది. "ఇంట్ల అమ్మకు చాతగాదు. నేను పొద్దుగాల పోతె మాపటికి వస్త. ఆమె ఏమన్న కబడ్డీ ఆడుతదా సార్, ఇంట్ల పనే గద. ఉన్నదాంతోటి కానియ్యుండ్రి."

"మీ ఇష్టం. ఇక్కడ సంతకం పెట్టండి."

పద్మలత కప్పు వైపు చూస్తూ పడుకుంది. అలాంటి కాగితం ఎన్నిసార్లు తానే తీసుకుపోయి బయట మొగవాళ్ల చేతిలో పెట్టిందో! లోపల మెలకువగా ఉన్న మనిషిని వదిలేసి, బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటున్న మనిషిని అడిగేది. తన ఆపరేషన్ నాడు మొగిలమ్మ తెర పక్క నుంచి తల తిప్పి, "ఏమైంది సిస్టరమ్మా, నాకు చెప్పరాదు?" అని అడిగింది. "ఏంగాదు, నువ్ కండ్లు మూస్కో" అంది తను. గౌరవంగానే అంది. భుజం కూడా తట్టింది. మొగిలమ్మ కళ్లు మూసుకుంది. ఆమె భర్త ఉన్నదాంతో కానిమ్మన్నాడు, తను ఉన్నదాన్నే కుట్టి ఇచ్చింది. మళ్లీ కుంటుకుంటూ వచ్చిన రోజు కూడా మొగిలమ్మ పద్మలతను ఏమీ అనలేదు, ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు గనుక.

మాట్లాడితే ఏమవుతుంది? సార్‌కు కోపం వస్తుంది, మళ్లీ ఆయన ముందే నిలబడి పనిచేయాలి. ఇంటికి పోయాక రాజమౌళి చెయ్యి చేసుకోడు, ఎన్నడూ చేసుకోలేదు. మాట్లాడడం మానేస్తాడు. ఒకసారి నలభై రోజులు మానేశాడు. మాటలేని ఆ ఇంట్లో గిన్నె కింద పెడితే కూడా చప్పుడు కాకుండా పెట్టేది ఆమె. ఆ నలభై రోజులు కళ్లముందుకు వచ్చాయి. పక్కనున్న మిషన్‌లో గుండె చప్పుడు తొందర తొందరగా వినబడసాగింది.

"పల్స్ పెరుగుతోంది" అన్నారు దీప్తి.

"టెన్షన్ పడుతోంది. నిద్రకు కొంచెం ఇంజెక్షన్ ఇచ్చెయ్" అన్నారు సార్.

ఆ ఇంజెక్షన్ కూడా ఆమెకు తెలుసు. రెండు నిమిషాల్లో నాలుక మొద్దుబారుతుంది. మెలకువ వచ్చేసరికి ఆ సన్నటి గ్రాఫ్ట్ ఎముకలో ఉంటుంది. దీప్తి సిరంజిలోకి మందు తీసుకుని ఆమె చేతి దగ్గరికి వచ్చారు.

"వద్దు మేడమ్."

తన గొంతు తనకే వినబడలేదేమో అనిపించింది. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "ఇయ్యకుండ్రి మేడమ్. మానసా, ఎంతొచ్చింది?"

తెర వెనక మానస సార్ వైపు చూస్తోందని పద్మలతకు చూడకుండానే తెలిసింది.

"బిడ్డా, నిన్నే అడుగుతాన. ఎంతొచ్చింది?"

"ఆరున్నర అక్కా" అంది మానస, ఏడుపు గొంతుతో. "మూడుసార్లు చూసిన."

"పద్మా, నువ్వు రిలాక్స్ అవ్వు. మీ ఆయనతో మాట్లాడాను" అన్నారు లక్ష్మీనారాయణ సార్.

"ఇన్న సార్. నేను మెలకువతోనే ఉన్న. సార్, చీలమండ కాడిది తియ్యుండ్రి. అది గూడ ఆ కాలిదే, మల్ల కప్పిన గుడ్డలు మార్చే పని లేదు." పళ్లు కొట్టుకుంటూ ఉంటే మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "కాగితం నాకియ్యుండ్రి. సంతకం నేను వెడత."

దీప్తి సిరంజిని ట్రేలో పెట్టేశారు. తలుపు దగ్గరికి పోయి రాజమౌళి చేతిలోంచి కాగితం, పెన్ను తీసుకుని వచ్చారు. సెలైన్ సూది ఉన్న చేత్తోనే, అట్ట మీద పెట్టుకుని, పద్మలత తన పేరు రాసింది. అక్షరాలు గీత దాటి పోయాయి. రోగి బంధువు పెట్టాల్సిన "అటెండర్ సంతకం" అన్న చోట రాజమౌళి అప్పటికే పెట్టేశాడు. ఆమె దాని మీదుగా అడ్డంగా గీత గీసి, కింద ఖాళీలోనే ఆ పేరు రాసింది.

"సరే," అన్నారు సార్. "బ్లేడ్."

కోత తెలియలేదు. కానీ పని మొదలైన చప్పుడు వినగానే భయం మళ్లీ తిరిగి వచ్చింది. ఇది సరిగా రాకపోతే? నువ్వే అడిగి తెచ్చుకున్నావు అంటారు. మానస కొలిచేదాకా ఆమె తన వేళ్ల గోళ్లను అరచేతిలో గుచ్చుకుంటూనే ఉంది.

"ఎనిమిదిన్నర అక్కా" అంది మానస, ఈసారి సార్ వైపు చూడకుండా.

మధ్యాహ్నం వార్డులో కాలు ఇంకా తిమ్మిరిగానే ఉంది. రాజమౌళి మంచం పక్క నిలబడ్డాడు, కూర్చోలేదు.

"అందరి ముందట నా ఇజ్జత్ తీసినవ్. ఇంటికి పోయినంక మాట్లాడుదాం" అన్నాడు.

పెళ్లైన పంతొమ్మిదేళ్లుగా ఆ మాట వింటే ఆమెకు భయం. ఇప్పుడూ భయమే. చేతిలోని నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది.

"నేను ఇంటికి వస్తలేను" అంది. "మానసతోటి కేసముద్రం మా అక్కకు ఫోన్ చేయించిన. ఆటో తీస్కొని వస్తాంది. ఇక్కడికెల్లి ఆడికే పోత."

"ఎప్పటిదాకా?"

"మంచిగ నడిచేదాకా."

నడక వచ్చాక ఎటు నడుస్తావని ఆయన అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో, భయంభయంగానే, ఆమె అప్పటికే అనుకుని పెట్టుకుంది.